తాతకి ఏమీ కాలేదు, బాబాయికే ఎందుకొచ్చింది?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా తాత కుర్రతనం నుంచీ చుట్ట కాల్చేవాడు, అయినా 86 ఏళ్ళు బతికి వయసైపోయి పోయాడు. మా బాబాయి సిగరెట్లు, 54 ఏళ్ళకే యూరిన్ బ్లాడర్‌లో క్యాన్సర్ అన్నారు. నేనూ కాలుస్తాను, కాకపోతే తక్కువే. భయమేసి ఆన్‌లైన్‌లో ఉమ్మి పంపితే చేసే జీన్ టెస్ట్ చేయించా, "జీఎస్‌టీఎం1 లేదు, ఎన్ఏటీ2 స్లో" అని వచ్చింది, రిపోర్ట్ కిందే డీటాక్స్ పౌడర్ కొనమని లింక్ ఉంది. నాకూ వచ్చేస్తుందా? ఆ పౌడర్ వాడమంటారా?

జవాబు: ముందు పౌడర్ సంగతి తేల్చేద్దాం, కొనకండి. పుట్టుకతో లేని జీన్‌ని ఏ పౌడరూ తెచ్చిపెట్టలేదు, టెస్ట్ అమ్మినవాళ్ళే మందు కూడా అమ్ముతుంటే అక్కడే అనుమానం రావాలి.

ఇక రిపోర్ట్. జీఎస్‌టీఎం1, ఎన్ఏటీ2 అనేవి ఒంట్లోకొచ్చే విషాల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని తయారుచేసే జీన్లు, "స్లో" అంటే ఆ ఎంజైమ్ నెమ్మదిగా పనిచేసే రకం. జీఎస్‌టీఎం1 "లేదు" అంటే నిజంగానే లేదు, అమ్మ వైపు నుంచి రావాల్సిన కాపీ, నాన్న వైపు నుంచి రావాల్సిన కాపీ రెండూ ఎగిరిపోయాయన్నమాట. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ యూరప్ వాళ్ళలో దాదాపు సగం మంది ఇలాగే ఉంటారు, మన దగ్గర అంతకంటే తక్కువే అయినా అరుదేం కాదు. ఎన్ఏటీ2 స్లో అయితే మన దేశంలో సగం మందికి పైనే, అంటే మీ వీధిలో ఎవరికి టెస్ట్ చేసినా ఇదే రావచ్చు.

ఈ ఎంజైములు చేసే పనేంటంటే, పొగాకు పొగలో ఆరోమాటిక్ అమీన్లు అని కొన్ని రసాయనాలుంటాయి, అవి రక్తంలో కలిసి లివర్‌కి వెళ్తాయి, అక్కడ ఒక రకం ఎంజైములు వాటిని మార్చే క్రమంలో ముందుకంటే ప్రమాదకరంగా తయారుచేస్తాయి (లివర్ చేసేదంతా శుభ్రం చేయడమే అనుకుంటాం, కాదు), ఈలోపు ఎన్ఏటీ2 వాటికి ఎసిటైల్ ముక్క తగిలించి చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది. అది నెమ్మదిగా పనిచేసేవాళ్ళలో ఎక్కువ సరుకు ఆ మొదటి దారిన పోయి, మూత్రంతో పాటు బ్లాడర్‌లోకి దిగి, గంటల తరబడి లోపలి పొరని అంటిపెట్టుకునుంటుంది. మీ బాబాయికి ఊపిరితిత్తుల్లో కాకుండా అక్కడ రావడానికి దారి ఇదే అయ్యుండొచ్చు.

ఇది బయటపడింది అసలు రంగుల ఫ్యాక్టరీల దగ్గర. 1895లో జర్మనీలో లూడ్విగ్ రేన్ అనే సర్జన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో రంగుల పనివాళ్ళకి బ్లాడర్ క్యాన్సర్లు వస్తున్నాయని చెప్పాడు. చాలా కాలం తర్వాత 1982లో ఇంగ్లండ్‌లో, రంగుల పని చేసి బ్లాడర్ క్యాన్సర్ తెచ్చుకున్న 23 మందిని చూస్తే 22 మంది స్లో రకమే. సరే తేలిపోయింది అనుకునేలోపు చైనాలో బెంజిడీన్ అనే రసాయనంతో పనిచేసినవాళ్ళని చూస్తే స్లో వాళ్ళకి ఎక్కువ రావడం కనబడలేదు. కాబట్టి స్లో అంటే చెడ్డది, ఫాస్ట్ అంటే మంచిది అని గీత గీయలేం, ఏ విషం అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ఇప్పుడు మీకు పనికొచ్చే లెక్క. స్లో అయితే బ్లాడర్ క్యాన్సర్ ముప్పు సుమారు 1.4 రెట్లు, జీఎస్‌టీఎం1 లేకపోతే సుమారు 1.5 రెట్లు. సిగరెట్ ఒక్కటే మూడు నాలుగు రెట్లు. పైగా జీవితంలో ఎప్పుడూ కాల్చనివాళ్ళలో ఆ స్లో జీన్ వల్ల ముప్పు పెద్దగా పెరగట్లేదు, జీన్‌కి కోరలొచ్చేది పొగ దొరికినప్పుడే. జీన్ మార్చుకోలేరు, సిగరెట్ మానుకోగలరు, అంతకంటే నేను చెప్పగలిగింది లేదు. తక్కువే కాలుస్తా అన్నారు, స్లో ఎంజైమ్ ఉన్నవాళ్ళకి ఆ "తక్కువ" మీద భరోసా పెట్టుకోవద్దు.

తాత గారి విషయానికొస్తే ఆయన జీన్లు ఏంటో మనకెవరికీ తెలీదు. చుట్ట పొగని సిగరెట్ పొగలా గుండెల్దాకా లాగరు, అది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు. అలాగని చుట్ట మంచిదనుకోకండి, మీ శ్రీకాకుళం వైపే అడ్డపొగ తాగే ఆడవాళ్ళు, అదే మండే కొస నోట్లో పెట్టుకునేవాళ్ళు, అంగిట్లో క్యాన్సర్‌తో ఎంతమంది ఆస్పత్రులకి వచ్చారో అక్కడి పెద్ద డాక్టర్లనడగండి. బతికిన తాత గురించి ఇంట్లో అందరూ చెప్తారు, పోయినవాళ్ళ లెక్క ఎవరూ తీయరు.

ఇంకోటి, మూత్రంలో ఒక్కసారి ఎర్రగా కనిపించినా, నొప్పి లేకపోయినా, వేడి చేసిందని బార్లీ నీళ్ళు తాగుతూ కూర్చోకుండా యూరాలజిస్ట్‌కి చూపించండి. ఒకసారి వచ్చి ఆగిపోయినా సరే.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకి టీబీ మందులతో పాటు బి6 మాత్ర ఎందుకిస్తున్నారు? దానికీ ఈ జీన్లకీ సంబంధం ఉందని ఎవరో అన్నారు.

జవాబు: ఉంది, అదే ఎన్ఏటీ2. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్‌ని ఒంట్లోంచి పంపేసేది కూడా ఆ ఎంజైమే, స్లో వాళ్ళలో మందు ఎక్కువసేపు నిలిచిపోయి కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు ఎక్కొచ్చు, అందుకే బి6 ఇస్తారు. అది చూసి అమ్మకి క్యాన్సర్ వస్తుందేమోనని కంగారుపడక్కర్లేదు. తిమ్మిర్లు మొదలైనా, కళ్ళు పచ్చబడినా, అన్నం సహించకపోయినా వెంటనే డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరు మాత్రలు మాత్రం ఆపకండి.