క్లిప్పు లేని పెడలా, గొళ్లెం పెడలా?

సందేహం: నల్లగొండలో కొత్తగా రేసు సైకిలు నేర్చుకుంటున్నాను. బూటు పెడలుకు పట్టుకొనే ఉంటుంది కదా, మరి ఆ పెడలును ఇంగ్లీషులో ‘క్లిప్‌లెస్’ (క్లిప్పు లేనిది) అంటారేమి? ‘క్లిప్పు లేని పెడలు’ అని రాయవచ్చునా? ‘పడకముందే కాలు గుంజాలి’ అని రాస్తే, మిత్రుడొకరు ‘లాగాలి’ అని దిద్దినారు. ఏది సరి?

సమాధానం: పూర్వం పందెపు సైకిళ్ల పెడళ్లకు కాలివేళ్లను పట్టి ఉంచే లోహపు చట్రమూ, దానికొక తోలుపట్టీ ఉండేవి, ఇంగ్లీషు పేరులోని క్లిప్పు ఆ చట్రమే. మంచుపై జారే స్కీలకు బూట్లను పట్టించే సాధనాలు తయారుచేసే ఫ్రాన్సు సంస్థ లుక్, 1984లో చట్రం అక్కరలేని పెడలును తెచ్చింది. మరుసటి ఏడు ఫ్రాన్సు పందెగాడు బెర్నార్డ్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచాడు.

లేనిదానిని బట్టి పేరు పెట్టడం మనకూ ఉన్నది. వైర్‌లెస్‌ను నిస్తంత్రి అన్నాము. తంతి అందరూ ఎరిగినదే కనుక ఆ మాట నిలిచింది. వేళ్ల చట్రాన్ని మీ నల్లగొండ గడియారం సెంటరులో చూసినవారు అరుదు కనుక, ‘క్లిప్పు లేని పెడలు’ అంటే వినేవారికి బూటును ఏదీ పట్టదనే తోస్తుంది. ‘గొళ్లెం పెడలు’ అనడం మేలని నా అభిప్రాయం.

ఇందుకు ముఖ్య కారణం క్రియలు. తలుపు గట్టిగా వేస్తే ‘గొళ్లెం పడింది’ అంటాము. బూటు ముందుభాగాన్ని పెడలుపై ఆనించి అదిమితే, అడుగున ఉన్న బిళ్ల టక్కుమని పడేదీ అట్లాగే. పడటానికి కర్త అక్కరలేదు గానీ తీయడానికి కావాలి. గొళ్లెం ఎవరో ఒకరు ‘తీయాలి’. ఇక్కడ మడమను బయటివైపు తిప్పడమే తీయడం. చక్రం ఇంకా తిరుగుతుండగానే ఆ పని చేయాలి. ఆగిన తరువాత చేయబోతే సైకిలు అప్పటికే పక్కకు ఒరుగుతుంది, కొత్తవారు ఎక్కువగా పడేది అప్పుడే. ‘బిగించు’ అంటే మరమేకు గుర్తుకు వస్తుంది, ‘ఇరికించు’ అంటే చిక్కుకొన్నట్లు ఉంటుంది.

ఇక ‘గుంజు’ నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నిండు వాడుక. రాతలో దానిని దిద్దవలసిన పని ఎంతమాత్రం లేదు. అయితే మీ వాక్యంలో గుంజినా, మీ మిత్రుని వాక్యంలో లాగినా, ఆ పెడలు నుంచి కాలు రాదు. ‘పడకముందే మడమ తిప్పి కాలు తీయాలి’ అని రాయండి.