సెటిల్‌మెంట్ లెటర్ చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు చెల్లెమ్మా

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, మా ఆయన టూరిస్ట్ కారు తోలతాడు. మా అత్తమ్మ ఆపరేషన్‌కి నా పేరు మీదుండే క్రెడిట్ కార్డులో 90 వేలు గీకినాం, కొన్ని నెలలు మినిమమ్ కట్టినాం, తర్వాత చేతకాలేదు. ఏడు నెలలుగా ఏమీ కట్టలేదు, ఇప్పుడు 1,31,000 అంటున్నారు. మొన్న ఒకాయన ఫోన్ చేసి ఈరోజు సాయంత్రం ఐదు లోపల 80 వేలు ఫోన్‌పే చేస్తే క్లోజ్ అన్నాడు. రాత్రి తొమ్మిది దాటినాక కూడా ఫోన్లు, మదనపల్లెలో మా తమ్ముడికి చేసినారు, మా హెడ్ మిస్ట్రెస్‌కి కూడా చేసినారు, తలెత్తుకోలేకుండా ఉన్నా. ఇంకో కార్డులో 48 వేలు ఉంది, దానికి నెలనెలా 2,400 మినిమమ్ కడతా ఉన్నా. 15 వేలు ఫీజు కడితే రెండు కార్డులూ సగానికి సెటిల్ చేస్తామని, రెండోది కూడా కట్టడం ఆపేయమని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తున్నారు. చీటీ డబ్బు 60 వేలు వచ్చే నెల వస్తుంది. రెండు మూడేళ్ళలో హోమ్ లోన్ తీసుకోవాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ సాయంత్రం ఐదు గంటల సంగతి మనసులోంచి తీసేయండి. ఆ గడువు ఫోన్లో ఉన్నాయన పెట్టింది, వాళ్ళకి నెలాఖరు టార్గెట్లు ఉంటాయి కాబట్టి ఈరోజు పోతే ఆఫర్ పోతాది అంటారు, వచ్చే నెల అదే ఆఫర్‌తో ఇంకొకరు ఫోన్ చేస్తారు. ఇంత తగ్గిస్తాం అని చెప్పే అధికారం ఫోన్ ఏజెంట్‌కి లేదు. 2023 జూన్ 8న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఇట్లాంటి సెటిల్‌మెంట్లకి అంటే బాకీలో కొంత తగ్గించి కట్టించుకొని ముగించడానికి, ప్రతి బ్యాంకుకీ బోర్డు ఒప్పుకున్న పాలసీ ఉండాలి, ఎవరు ఎంతవరకు తగ్గించొచ్చో అందులో రాసుండాలి. అంటే తగ్గింపు బ్యాంకు ఇవ్వాలి, రాసి ఇవ్వాలి.

ఆ లెటర్ బ్యాంకు లెటర్‌హెడ్ మీద గానీ బ్యాంకు సొంత మెయిల్ ఐడీ నుంచి గానీ రావాలి, జీమెయిల్ నుంచి వచ్చేది చెల్లదు. అందులో మీ కార్డు చివరి నాలుగు అంకెలు, మొత్తం బాకీ ఎంత, ఎంతకి ఒప్పుకుంటున్నారు, ఏ తేదీలోపల, ఒకేసారా వాయిదాల్లోనా, ఇది కట్టినాక ఈ కార్డు మీద ఇంకేమీ బాకీ లేదు అన్న మాట, ఇవన్నీ ఉండాలి. డబ్బు కట్టేది ఆ కార్డు అకౌంట్‌కే, ఏజెంట్ ఫోన్‌పే నంబర్‌కి, క్యూఆర్ కోడ్‌కి వద్దే వద్దు. అట్ల ఏజెంట్ నంబర్‌కి పంపి, అది బ్యాంకులో జమ కాక, మళ్ళీ అసలూ వడ్డీ రెండూ కట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు, వాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతాది. కట్టినాక బాకీ ఏమీ లేదని ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, అది మర్చిపోవద్దు.

ఇప్పుడు ఆ 1,31,000 ఎట్ల వచ్చిందో చూద్దాం. మీ కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుందాం, మన ఊర్లో చెప్పుకునే లెక్కలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతాది. బయట నూటికి మూడు రూపాయలంటేనే అమ్మో అంటాం. కొంతమంది 30 శాతం మించి వడ్డీ వేయకూడదు, కోర్టు చెప్పింది, కట్టొద్దు అని వాట్సాప్‌లో పంపుతా ఉంటారు, వాటిని నమ్మొద్దు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అట్ల చెప్పింది నిజమే, 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి వడ్డీ రేటు మీద కొట్లాడి లాభం లేదు, కొట్లాడాల్సింది చార్జీల మీద.

బ్యాంకుకి మెయిల్ పెట్టి మొదటి నుంచి ఇప్పటిదాకా అన్ని నెలల స్టేట్‌మెంట్లు అడగండి, పెన్ను పట్టుకొని ఒక్కో లైనూ చూడండి. లేట్ ఫీజు, ఓవర్ లిమిట్ ఫీజు, మీరు అడగని ఇన్సూరెన్స్ ప్రీమియం, వీటి మీద గీత గీయండి. 2022లో ఆర్‌బీఐ క్రెడిట్ కార్డుల మీద పెద్ద ఆదేశం ఇచ్చింది, దాని ప్రకారం కట్టని చార్జీలని, ట్యాక్సులని అసలులో కలిపి వాటి మీద మళ్ళీ వడ్డీ వేయకూడదు, మీరు స్పష్టంగా ఒప్పుకోకుండా లిమిట్ దాటనివ్వకూడదు, ఈ రెండూ 2022 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. మీరు ఒప్పుకోకుండా ఇన్సూరెన్స్ అంటగట్టడం కూడా తప్పే. ఇట్లాంటివి కనిపిస్తే అవి ముందు తీసేసి తర్వాత సెటిల్‌మెంట్ మాట్లాడదాం అని రాయండి, బేరం అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఎంతకి అడగాలంటే, నేనైతే 60 వేలతో మొదలుపెడతా, చీటీ డబ్బు చేతిలో ఉందని చెప్తా, 70 దగ్గర ఒప్పుకుంటే మిగతా పదివేలు రెండు వాయిదాల్లో అడుగుతా. అయితే హోమ్ లోన్ అన్నారు కదా, అది నిజాయితీగా చెప్పాల్సిన విషయం. తగ్గించి కడితే మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఆ కార్డు ఎదురుగా సెటిల్డ్ అని పడుతుంది, మొత్తం కడితే క్లోజ్డ్ అని పడుతుంది, సెటిల్డ్ అని చూస్తే హోమ్ లోన్ ఇచ్చేవాళ్ళు వెనకాడతారు. ఏడు నెలలు కట్టకపోవడంతో దెబ్బ ఇప్పటికే తగిలింది, అత్తమ్మ మందులు, కారు కిస్తీ, పిల్లల ఫీజులు అన్నీ ఉన్న ఇంట్లో 1,31,000 కోసం ఇంకో అప్పు చేయమని నేను చెప్పను. సెటిల్ చేసుకోండి, రెండేళ్ళ తర్వాత చేతిలో డబ్బు ఆడితే వాళ్ళు తగ్గించిన మొత్తం కట్టి క్లోజ్డ్‌గా మార్చమని బ్యాంకుని అడగొచ్చు, ఆ మాట కూడా ఇప్పుడే లెటర్‌లో రాయించుకోగలిగితే ఇంకా మంచిది. కట్టినాక కూడా రిపోర్టులో పాత బాకీ కనిపిస్తా ఉంటే సిబిల్‌కి ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు మీకు ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఆ నియమం ఉంది. మీ రిపోర్టు సంవత్సరానికి ఒకసారి ఉచితంగా వస్తుంది, ఈరోజే తీసి పెట్టుకోండి.

ఇంకో మాట, మీ జీతం పడే అకౌంటూ ఈ కార్డూ ఒకే బ్యాంకువా? అయితే జీతం వేరే బ్యాంకుకి మార్చుకోండి. బాకీ కింద అకౌంట్లోంచి పట్టుకునే హక్కు చాలా కార్డు అగ్రిమెంట్లలో రాసుంటుంది, ఒకటో తేదీ జీతం పడగానే పోతే ఇల్లు గడవదు.

రెండో కార్డు కట్టడం ఆపేయమన్న కన్సల్టెన్సీ సంగతికి వస్తే, నాకు నిజంగా కోపం వచ్చింది. సక్రమంగా నడుస్తున్న కార్డుని కావాలని ఎగ్గొట్టించి, మీ పేరు చెడగొట్టి, దానికి 15 వేలు ముందే తీసుకోవడం ఏం న్యాయం? మీరు ఒక మెయిల్ రాస్తే జరిగే పనికి వాళ్ళెందుకు. ఆ నంబర్ బ్లాక్ చేయండి.

ఆ 48 వేలని మాత్రం కార్డులో ఉంచొద్దు. లెక్క చూడండి, దీనికీ అదే 3.5 శాతం అనుకుంటే నెల వడ్డీ 1,680, దాని మీద జీఎస్టీ 302, రెండూ కలిపి 1,982. మీరు కట్టే 2,400లో అసలుకి పోయేది 418 రూపాయలు. ఇట్లే 2,400 కడతా పోతే, కొత్తగా ఒక్క రూపాయి గీకకపోయినా, మూడున్నరేళ్ళు పడుతుంది, లక్ష దాటి కడతారు. ఇంట్లో చైనో గాజులో ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టండి, సంవత్సరానికి 12 శాతం అనుకున్నా నెలకి 480 వడ్డీ, అదే 2,400 కడితే రెండేళ్ళలోపల తీరిపోతుంది, మొత్తం 54 వేలు కూడా దాటదు. నగ తాకట్టు పెట్టడం ఆడవాళ్ళకి ఎంత కష్టమో తెలుసు, అయినా ఇక్కడ సగానికి సగం మిగులుతాది. కిస్తీ మాత్రం తప్పకూడదు, తప్పితే నగ వేలానికి పోతుంది. కార్డు బాకీ తీరగానే క్లోజ్ చేయమని రాయండి, బాకీ లేని కార్డుని 7 పనిదినాల్లో క్లోజ్ చేయకపోతే రోజుకి 500 రూపాయలు బ్యాంకే మీకు కట్టాలి.

ఇంక ఆ ఫోన్లు. చెల్లెమ్మా, అప్పు తీసుకోవడం నేరం కాదు, కష్టం వచ్చి కట్టలేకపోవడం కూడా నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. పోలీసులు వస్తారు, అరెస్ట్ వారెంట్ వచ్చింది అని వాట్సాప్‌లో పంపే కాగితాలకి భయపడొద్దు, కానీ పారేయొద్దు, దాచండి, సాక్ష్యానికి పనికొస్తాయి. 2022 ఆగస్టు 12న ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది, ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, ఇంట్లోవాళ్ళ, స్నేహితుల జోలికి పోకూడదు. ఏజెంట్ చేసిన తప్పుకి జవాబుదారీ బ్యాంకే. మాకు తెలియదు, అది ఏజెన్సీ వాళ్ళ పని అని బ్యాంకు చేతులు దులుపుకోవడానికి లేదు. మీ హెడ్ మిస్ట్రెస్‌కి ఫోన్ చేసిన మనిషి ఎవరైనా, లెక్క చెప్పాల్సింది మీకు కార్డు ఇచ్చిన బ్యాంకు.

ఏజెంట్‌తో ఫోన్లో వాదించొద్దు, రికార్డ్ చేసి పెట్టేయండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, టైము, నంబర్, ఏం అన్నాడు రాసుకోండి, తమ్ముడి ఫోన్లోంచి, మేడమ్ ఫోన్లోంచి కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్లు తెప్పించుకోండి. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఉంటుంది, దానికి తెలుగు ఇంగ్లీషు ఏది వస్తే అందులో ఇట్ల రాయండి: ఫలానా తేదీ రాత్రి 9 దాటినాక ఫలానా నంబర్ నుంచి నాకు ఫోన్ వచ్చింది, ఫలానా తేదీ నా తమ్ముడికి, నేను పనిచేసే స్కూలుకి చేసినారు, ఈ మనిషి మీ తరఫున పని చేస్తున్నారా, ఏజెన్సీ పేరేంటి, రాసి పంపండి, ఇకమీదట నా నంబర్‌కే చేయండి, నేను బాకీ కట్టడానికి సిద్ధంగా ఉన్నా, సెటిల్‌మెంట్ షరతులు రాతపూర్వకంగా ఇవ్వండి. చివరి ముక్క ముఖ్యం, మీరు తప్పించుకునే మనిషి కాదని అది చూపిస్తుంది. కంప్లైంట్ నంబర్ తీసుకోండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళండి, సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఎట్ల పెట్టాలో తెలియకపోతే 14448కి చేయండి, తెలుగులో చెప్తారు. ఇంటి ముందుకొచ్చి గొడవ చేస్తే, చేయి చేసుకుంటామంటే మాత్రం 30 రోజులు ఆగాల్సిన పని లేదు, 112కి చేయండి.

కోర్టు నుంచి గానీ రాజీ మీద తేల్చే లోక్ అదాలత్ నుంచి గానీ నిజమైన నోటీసు వస్తే పక్కన పడేయకుండా వెళ్ళండి. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని చట్టంలోనే ఉంది, న్యాయ సేవాధికార సంస్థలో ఒక అర్జీ పెడితే చాలు. లోక్ అదాలత్‌లో సంతకం పెట్టే ముందు ఆ కిస్తీ నిజంగా కట్టగలమా అని మీ ఆయనతో కూర్చొని లెక్క వేసుకోండి, ఆఫ్ సీజన్‌లో కారు ట్రిప్పులు తగ్గే నెలలు కూడా కలిపి, ఎందుకంటే అక్కడ ఒప్పుకున్నదాని మీద అప్పీలు ఉండదు.

మీ హెడ్ మిస్ట్రెస్‌తో మీరే ముందుగా ఒకసారి మాట్లాడండి, ఆపరేషన్‌కి చేసిన అప్పు, తీర్చుకుంటున్నా అని. ఈ సోమవారమే స్టేట్‌మెంట్లు అడుగుతూ ఒక మెయిల్, ఫోన్ల మీద ఇంకో మెయిల్ పెట్టండి, రెండూ కలపొద్దు. సెటిల్‌మెంట్ లెటర్ వచ్చినాక డబ్బు వేసే ముందు, కార్డు నంబర్ కనపడకుండా కొట్టేసి నాకు పంపండి, చూసి చెప్తా.