ఎముకల జబ్బుందని బడిలో చేర్చుకోకపోతే?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఎముకలు ఊరికే విరిగిపోయే ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా ఉంది. చదువులో చురుకు. ఒకటో తరగతిలో వేద్దామంటే, 'ఏం జరిగినా స్కూలుకు సంబంధం లేదు' అని స్టాంపు పేపరు మీద రాసిస్తేనే చేర్చుకుంటామని ప్రైవేటు స్కూలువాళ్లు అంటున్నారు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో వైకల్యం 35 శాతమే వేశారు, కాబట్టి మాకే హక్కూ లేదట. ఇది మా పుట్టింటి నుంచి వచ్చిన జబ్బంటూ మా ఆయన విడాకుల మాట ఎత్తుతున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టకండి.

35 శాతం అనగానే అన్ని దారులూ మూసుకుపోయాయని మీకు చెప్పినవాళ్లు పొరబడ్డారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతాన్ని కొన్నింటికే షరతుగా పెట్టింది. ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో రిజర్వేషన్, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య వంటివి ఆ కోవలోకి వస్తాయి. మన రాష్ట్రంలో నెలకు రూ.6,000 పింఛనుకూ అదే షరతు. బడిలో వివక్ష లేకుండా చేర్చుకోవడానికి మాత్రం ఆ షరతు లేదు. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడైనా, ప్రైవేటుదైనా సరే, వైకల్యం ఉన్న పిల్లల్ని చేర్చుకోవాలి, వాళ్లకు తగ్గ వసతి చూడాలి. చట్టం జాబితాలో మీ బాబు జబ్బు పేరు విడిగా లేదని ఎవరైనా అనొచ్చు. ఎముకలు, కండరాల లోపం వల్ల కదలడం కష్టమైతే అది చలన వైకల్యం కిందికే వస్తుంది.

చట్టం నెత్తిన పెట్టిన బాధ్యతను ఓ కాగితంతో దులిపేసుకుంటామంటే కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు నిలవదు. అయినా సంతకం వద్దంటున్నాను, ఎందుకంటే రేపు ఏదైనా జరిగితే మిమ్మల్ని నోరెత్తనివ్వకుండా చేసేది ఆ కాగితమే.

అయితే స్కూలువాళ్ల భయం ఉత్తిది కాదు. ఎంత జాగ్రత్తగా చూసినా ఈ పిల్లలకు ఎముక విరగొచ్చు, అప్పుడు నింద టీచరమ్మ మీద పడుతుంది. ఆ టెన్షన్ తీర్చాల్సింది బాండుతో కాదు, డాక్టరు ఉత్తరంతో. జాగ్రత్తలు తీసుకున్నా ఎముక విరిగే అవకాశం ఉందన్న మాట అందులో ఉండాలి. దానికి మీ దరఖాస్తు జోడించండి: తరగతి కింది అంతస్తులో ఉండాలి, బెల్లు కొట్టడానికి ఐదు నిమిషాల ముందే బాబును పంపాలి, బ్యాగు మోయించకూడదు, చెయ్యి పట్టి లాగకూడదు, పడితే గబుక్కున ఎత్తకుండా ఉన్నచోటే ఉంచి మీకు ఫోన్ చేయాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఇక్కడే చాలా కేసులు తేలిపోతాయి. నోటిమాటగా 'కుదరదు' అన్నవాళ్లు కాగితం మీద అదే రాయడానికి వెనకాడతారు.

అప్పటికీ కాదంటే మండల విద్యాధికారికి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారికి (డీఈఓ), ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. విచారణలో సాక్షుల్ని పిలిపించడానికి, రికార్డులు తెప్పించడానికి కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

సదరం శాతం మీద దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. దానికి గడువుంటుంది, దాటనివ్వకండి. క్యాంపు రోజున బాబు నాలుగడుగులు నడిచి ఉంటే డాక్టరుకు ఆ పూట పరిస్థితే కనిపించి ఉంటుంది. అందుకే అప్పీలుతోపాటు పాత ఎక్స్‌రేలన్నీ, కట్లు కట్టిన తేదీలు, ఆపరేషన్ కాగితాలు, జన్యు పరీక్ష రిపోర్టు వరసగా పెట్టండి. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బుకిచ్చే బిస్‌ఫాస్ఫొనేట్ (ఎముకల్ని గట్టిపరిచే మందు) చికిత్స ఉంది. ఆ చికిత్సకిచ్చే డబ్బు సాయం మీ చేతికి రాదు, గుర్తించిన ఆస్పత్రి ద్వారానే అందుతుంది. మనకు దగ్గర్లో హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆస్పత్రి కలిసి అలాంటి కేంద్రాన్ని నడుపుతున్నాయి. అక్కడ పేరు నమోదు చేయించండి.

ఇక మీ ఆయన మాట. బిడ్డకు జబ్బుందని విడాకులివ్వడానికి హిందూ వివాహ చట్టంలో ఆధారమే లేదు. జబ్బు పేరు చెప్పి మిమ్మల్ని రోజూ దెప్పిపొడవడం మానసిక క్రూరత్వమని కోర్టుకు చెప్పుకోగలిగేది మీరే. ఈ జబ్బు చాలామందిలో ఎముకలకు బలమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో మార్పు వల్ల వస్తుంది. తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా ఆ మార్పు రావడమూ మామూలే. మేనరికాల్లో కనిపించే మరో రకానికైతే ఇద్దరి నుంచీ చెరో జన్యువు రావాలి. జన్యు నిపుణుల దగ్గరికి ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. మీరు చెబితే విననిది డాక్టరు చెబితే వినొచ్చు. విడిచిపెట్టి వెళ్లినా బాబు పోషణ ఆయన మీదే ఉంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మీకూ బాబుకూ మనోవర్తి అడగొచ్చు. శరీర లోపం వల్ల తన కాళ్ల మీద తాను నిలబడలేని బిడ్డకైతే పద్దెనిమిదేళ్లు దాటాక కూడా ఆ హక్కు ఉంటుంది.