నలుపు తెలుపు అనగానే లేచిపోతున్నారు!

ప్రశ్న: ఏవండీ, మా ఇంట్లో ప్రతి ఆదివారం ఇదే గొడవ. నేను పాత సినిమా పెట్టడం ఆలస్యం, డిగ్రీ చదివే మా అబ్బాయి "అబ్బా నాన్నా, మళ్లీ బ్లాక్ అండ్ వైటా" అని ఫోన్ పట్టుకుని లోపలికి పోతాడు. ఇంకో పదేళ్లు పోతే ఈ సినిమాలు చూసేవాళ్లు మిగులుతారంటారా, మాతోనే సరా? - ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: మిగులుతారండీ. కాకపోతే ముందు మీ టీవీ సెట్టింగ్ ఒకసారి చూసుకోండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. అప్పటి సినిమా ఫ్రేము ఇంచుమించు నాలుగుకి మూడు లెక్కలో ఉండేది, మన టీవీలేమో పదహారుకి తొమ్మిది, పక్కన ఖాళీ ఎందుకులే అని సాగదీసి నింపేస్తే అసలే భారీ మనిషి ఎస్వీ రంగారావు గారు గుమ్మంలో పట్టనంత అయిపోతారు, పోనీ జూమ్ చేస్తే కిరీటాలు ఎగిరిపోతాయి. దానికి తోడు ఎవరో ఎప్పుడో పాత వీసీడీ నుంచి యూట్యూబ్‌లో ఎక్కించిన కాపీ, మొహానికి సున్నం కొట్టినట్టు తెల్లగా, పాట మొదలైతే గరగర. ఇదేరా బ్లాక్ అండ్ వైట్ అని అది చూపిస్తే పిల్లాడు లేచిపోక ఏం చేస్తాడు చెప్పండి, నేనైనా లేచిపోతా.

అదే మంచి ప్రింటు పెట్టి చూడండి. మాయాబజార్‌లో (1957) లాహిరి లాహిరి పాటకి కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెల ఉంది కదా, పడవ, నీళ్ల మీద మెరుపు, అది చూస్తుంటే రంగు లేదన్న సంగతే గుర్తురాదు.

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు వచ్చింది, ఇంజనీరింగ్ సెకండియర్, రీల్స్ తప్ప వేరే లోకం లేదు దానికి. నేను మాయాబజార్ మొదట్నుంచి పెట్టలేదు, సరాసరి అహ నా పెళ్ళియంట పాట దగ్గరకి తీసుకెళ్లా. అక్కడున్నది శశిరేఖ కాదే, ఆ వేషంలో ఉన్న ఘటోత్కచుడు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నా. సావిత్రి గారు ముద్దుగా సిగ్గుపడుతూ పాడుతుంటే ఉన్నట్టుండి సుశీల గొంతు పోయి ఘంటసాల గొంతు వస్తుంది, ఆవిడ భుజాలు, చూపు, నిలబడే తీరు అన్నీ మగాడివైపోతాయి, మళ్లీ క్షణంలో ఆడపిల్ల. ఇది ఫోన్ పక్కన పెట్టేసి "అత్తా, ఒక్కసారి వెనక్కి పెట్టు" అంది. మూడుసార్లు పెట్టించుకుంది. తర్వాత తనే మొదట్నుంచి చూద్దామంది, మధ్యలో అన్నానికి లేచాం గానీ పూర్తి చేశాం. పాండవుల కథలో పాండవులు ఒక్కసారీ కనపడరని చెప్తే నమ్మలేదు, మళ్లీ వెతుక్కుంది. ఇప్పుడు ఎవరేం మంచి పని చేసినా ఆ సినిమాలో మాటే, "వెయ్యండి వీరతాడు" అంటోంది, వాళ్ల హాస్టల్లో కూడా ఇదే అంటున్నారట!

పాతవాటి సంగతి సరే, కొత్తగా తీస్తే చూస్తారా అంటారేమో, 2024 ఫిబ్రవరిలో మమ్ముట్టి గారి మలయాళ సినిమా భ్రమయుగం మొత్తం బ్లాక్ అండ్ వైట్‌లోనే వచ్చింది, తెలుగు డబ్బింగూ థియేటర్లలో పడింది. నేను సెకండ్ షోకి వెళ్తే హాల్లో అందరూ కుర్రాళ్లే, నా వెనక సీటులో ఒకడు "ఎప్పుడు కలర్లోకి మారుతుందిరా" అన్నాడు, కాసేపటికి ఆ పాత ఇల్లు, వాన, దీపం వెలుగులో ఆ ముసలాయన నవ్వు చూసి వాడి నోట మాట లేదు.

అలాగని పాతవన్నీ బంగారం అని నేననను. సాగదీసిన ఏడుపులూ, కథతో సంబంధం లేని కామెడీ ట్రాకులూ, పెద్దగా అరిస్తేనే నటన అనుకున్నవీ బోలెడున్నాయి, అవి నాకే చూడబుద్ధి కాదు, కుర్రాళ్లకేం పట్టింది. వాళ్లని ఆపేది రంగు కన్నా నిదానం అని నా అనుమానం. అందుకే మీరు పక్కన కూర్చుని "మా రోజుల్లో..." అని మొదలెట్టకండి, దానికి రెట్టింపు స్పీడులో పారిపోతారు.

ప్రశ్న: రంగులు వేసిన మాయాబజార్ చూపించమంటారా, అసలుదా? - ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: 2010లో రంగుల్లో విడుదలైనప్పుడు నేనూ క్యూలో నిలబడ్డా, కాదనను. రంగు చూసి థియేటర్‌కి వచ్చిన పిల్లలు ఎందరో, అది మంచిదే. కానీ బ్లాక్ అండ్ వైట్‌కి తీసేటప్పుడు చీర రంగైనా గోడ రంగైనా తెర మీద ఏ బూడిద రంగుగా పడుతుందో చూసి ఎంచుకునేవాళ్లు, లైటింగూ ఆ లెక్కలోనే. తర్వాత పైన పూసిన రంగుకి ఆ లెక్క తెలీదు కదండీ. నా ఓటు అసలుదానికే.

ప్రశ్న: ఏ సినిమాతో మొదలెట్టాలి? మా పాప ఇంటర్. - ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: మిస్సమ్మ (1955). ఉద్యోగం కోసం పెళ్లి కాని ఇద్దరు మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పి టీచర్లుగా చేరతారు, ఇవాళ వెబ్ సిరీస్‌గా తీసినా నడిచే పాయింటు. అదయ్యాక గుండమ్మ కథ. దేవదాసు మాత్రం పరీక్షలయ్యేదాకా వద్దు.