అక్కా, ఎన్ మూడు సరిపోదా?

సెలవుకి బెంగళూరు వచ్చి పదిహేను రోజులైంది, కె.ఆర్.పురంలో మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను. అమెరికాలో ఫార్మసీలో పీహెచ్‌డీ చేసి అక్కడే స్థిరపడిన మా అక్క వచ్చిందని చెల్లెలు నలుగురికీ చెప్పినట్టుంది, ఆదివారమైతే చాలు ఎవరో ఒకరు వస్తున్నారు. బొమ్మసంద్ర, జిగణి వైపు మందుల కంపెనీల్లో రెండు మూడేళ్ళు పనిచేసి, ఈ ఆగస్టులో బయల్దేరబోతున్న గుంటూరు, ప్రకాశం, నల్గొండ పిల్లలే ఎక్కువమంది. వీసాకి కావలసిన ఐ-20 కాగితం గురించీ, సెవిస్ ఫీజు గురించీ, కుక్కర్ తీసుకెళ్ళాలా వద్దా అనీ అడుగుతారు. వాటికి నాకంటే బాగా చెప్పేవాళ్ళు వెయ్యిమంది ఉన్నారు. నాకు చెప్పాలని ఉన్నది వేరే ఉంది, పోయిన ఆదివారం ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నతో అది మొత్తం బయటికొచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఆ అమ్మాయి ఎం.ఫార్మసీలో ఫార్మస్యూటికల్ అనాలిసిస్ చదివింది. మూడేళ్ళుగా హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలని విడదీసి కొలిచే యంత్రం) ముందే ఉద్యోగం. ఇప్పుడు పీహెచ్‌డీ సీటు వచ్చింది, కానీ వెళ్ళబోయే డిపార్ట్‌మెంట్‌లో సగం ల్యాబులు సెల్ బయాలజీవే. "నాకు కాలమ్ మార్చడం వచ్చు, మొబైల్ ఫేజ్ కలపడం వచ్చు, కణాలని పెంచే సెల్ కల్చర్ ముట్టుకోలేదక్కా, స్టాటిస్టిక్స్ అంటే చచ్చే టెన్షన్" అంది. ఈమధ్య చదువుతున్న పేపర్లలో గ్రాఫ్ కింద ఎన్ మూడు (ఎన్ అంటే లెక్కలోకి వచ్చిన కొలతల సంఖ్య) అని ఉంటోందట, ప్లేటు మీది చిన్న గుంటలు, అంటే వెల్స్, మూడింటిలో చేస్తే ఎన్ మూడు అయినట్టేనా అని అడిగింది.

నేను తిరిగి ఒకటే అడిగాను. ఒకే వయల్ (చిన్న సీసా) నుంచి మెషీన్‌లోకి ఆరు ఇంజెక్షన్లు కొట్టావు, ఆర్‌ఎస్‌డీ, అంటే కొలతల మధ్య తేడా, 0.3 శాతం వచ్చింది, అంటే నీ మెథడ్ బాగున్నట్టేనా? వెంటనే చెప్పింది. "కాదక్కా, అది మెషీన్ బాగుందని మాత్రమే. మెథడ్ ప్రెసిషన్ కావాలంటే ఆరు శాంపిళ్ళు విడివిడిగా తూచి, విడివిడిగా కరిగించి చేయాలి. మళ్ళీ ఇంకో రోజు, ఇంకో అనలిస్ట్‌తో, వీలైతే ఇంకో మెషీన్ మీద చేస్తే ఇంటర్మీడియట్ ప్రెసిషన్."

అంతే. సెల్ బయాలజీలో ఎన్ అంటే ఏమిటన్న ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. ఒక ఫ్లాస్కులోని కణాలని ఒకే రోజు మూడు వెల్స్‌లో పోస్తే, అవి ఒకే వయల్ నుంచి కొట్టిన మూడు ఇంజెక్షన్ల లాంటివి. నీ పిపెట్ చెయ్యి ఎంత స్థిరంగా ఉందో చెబుతాయి, కణాల గురించి కొత్తగా ఏమీ చెప్పవు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటాం, నిజమే, కానీ ఆ మెతుకు ఆ కుండ సంగతే చెబుతుంది. అదే కుండలోంచి తొమ్మిది మెతుకులు తీసి పట్టి చూసినా పక్కింటి పొయ్యి మీద అన్నం సంగతి తెలియదు. ఇంకో రోజు, ఇంకో పాసేజ్ (కొత్త ఫ్లాస్కులోకి మార్చి పెంచిన తరం) కణాలతో, మందు మళ్ళీ కొత్తగా కలిపి, మొదటి నుంచి చేస్తే అప్పుడు రెండో కుండ.

ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా ఏడు నెలలు మిగిలేవి. రెండో ఏడాదిలో ల్యాబ్ మీటింగ్‌లో గ్రాఫ్ చూపించాను. మందు వేసిన బార్ పొట్టిగా, వేయని బార్ పొడుగ్గా, పైన తేడా గట్టిదని చెప్పే మూడు నక్షత్రాలు, కింద ఎన్ తొమ్మిది. వెనక కూర్చున్న బయోస్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ చాలా మెల్లగా, కోపం లేకుండా, "ఈ తొమ్మిదీ ఎన్ని రోజుల్లో చేశావు?" అని అడిగారు. ఒకే రోజు, ఒకే ఫ్లాస్కు, మూడు ప్లేట్లు, ప్లేటుకి మూడు వెల్స్. "అయితే నీ ఎన్ ఒకటి" అన్నారు. గదిలో ఎవరూ నవ్వలేదు, దానికి ఇప్పటికీ కృతజ్ఞత ఉంది. మళ్ళీ మొదటి నుంచి, వేరువేరు వారాల్లో, వేరువేరు పాసేజ్‌లతో చేస్తే తేడా సగానికి పైగా కరిగిపోయింది. నేను ఎం.ఫార్మసీలో ఆరు శాంపిళ్ళు విడివిడిగా తూచినదాన్నే. సబ్జెక్టు మారగానే, ఇది వేరే లోకమేమో, ఇక్కడ రూల్సు వేరేమో అనుకుని ఆ బుద్ధిని మన ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వెళ్ళాను. మీరు మాత్రం ఆ తప్పు చేయకండి. అనాలిసిస్ చదివిన పిల్లలు చేత్తో పట్టుకెళ్ళే అసలైన సామాను అదే.

అక్కడికి వెళ్ళాక మీలో కొందరికి మనది చిన్న సబ్జెక్టు అన్న దిగులు పట్టుకుంటుంది, పక్కవాడు జీన్ ఎడిటింగ్ అంటుంటే మనం హెచ్‌పీఎల్‌సీ గ్రాఫ్‌లో పీక్ టెయిలింగ్ గురించి మాట్లాడటానికి నోరు రాదు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1920ల మొదట్లో బోస్టన్ వెళ్ళిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని అలాంటప్పుడు తలుచుకోండి. 1925లో ఫిస్కే అనే బయోకెమిస్ట్‌తో కలిసి ఆయన ముందు తెచ్చింది రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలం రంగు గాఢతని బట్టి కొలిచే పద్ధతి, అంటే అచ్చంగా అనాలిసిస్. ఆ కొలత నమ్మదగ్గది కాబట్టే ఆ తర్వాత కండరంలో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ చేతికి దొరికాయి. కొలిచే పద్ధతి ముందు, కనిపెట్టడం తర్వాత.

సెల్ కల్చర్‌లో చెయ్యి తిరగడానికి మూడు నెలలు చాలు. దానికి భయపడొద్దు. భయపడాల్సింది మీ చేతికిచ్చిన కణాలు అసలు ఏవి అన్నదానికి. అనాలిసిస్‌లో రిఫరెన్స్ స్టాండర్డ్ సీసా మీద లాట్ నంబరు, ప్యూరిటీ చూడకుండా తూచరు కదా, అలాంటిది కణాల దగ్గరికొచ్చేసరికి సీనియర్ ఫ్రీజర్‌లోంచి తీసిచ్చిన ట్యూబ్‌ని పేరు చూసి నమ్మేస్తాం. 1951లో కన్నుమూసిన హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ కణాలే హీలా కణాలు. అవి ఎంత జోరుగా పెరుగుతాయంటే మిగతా ఫ్లాస్కుల్లోకి దూరి అక్కడి కణాలని తినేసినంత పని చేశాయి. ఎన్నో రకాలుగా చెలామణీ అవుతున్న కణాలు నిజానికి హీలానే అని 1966లోనే జన్యుశాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్‌లర్ ఎత్తిచూపారు. రొమ్ము క్యాన్సర్ కణాలనుకుని ఏళ్ళ తరబడి వాడిన ఎండీఏ-ఎంబీ-435 తర్వాత మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) లైన్ అని తేలింది. కాబట్టి ల్యాబ్‌లో చేరిన మొదటి నెలలోనే ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ (కణాలు ఎవరివో డీఎన్‌ఏ చూసి చెప్పే పరీక్ష) ఎప్పుడు చేయించారో అడగండి. మైకోప్లాస్మా (కణాల్లోకి చేరే అతి చిన్న బాక్టీరియా) పరీక్ష ఎప్పుడు చేశారో కూడా అడగండి. దానికి సెల్ వాల్ లేదు కాబట్టి మీడియాలో కలిపే పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయదు, మామూలు మైక్రోస్కోప్‌లో కనబడదు, మీడియా మబ్బుగా కూడా మారదు, కానీ కణాల తీరు మొత్తం మార్చేస్తుంది. కొత్తగా వచ్చి ఇవి అడిగితే బాగోదేమో అని మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ. అక్కడ అడిగినవాళ్ళని తప్పు పట్టరు, అడగనివాళ్ళ డేటానే తర్వాత తప్పుబడుతుంది.

స్టాటిస్టిక్స్ టెన్షన్ గురించి. మీకు కావలసింది సూత్రాలన్నీ బట్టీ పట్టడం కాదు, రెండు మూడు అంకెల బరువు తెలియడం. మూడు కొలతలతో సగటు తీసి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు సగటు ఉండే పరిధి అంచనా) వేయాలంటే స్టాండర్డ్ ఎర్రర్‌ని (ఆ సగటులోని అనిశ్చితిని) 1.96తో కాదు, 4.30తో గుణించాలి. తొమ్మిది నిజమైన కొలతలుంటే అదే 2.31కి దిగుతుంది, స్టాండర్డ్ ఎర్రర్ కూడా చిన్నదవుతుంది. మూడుతో బతకడం ఎంత ఖరీదో అందులోనే కనబడుతుంది. ఇప్పుడు పట్టుకోగలుగుతున్న తేడాలో సగం తేడాని పట్టుకోవాలంటే శాంపిళ్ళు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు కావాలి. ఇంకొకటి, మందు ఏమీ పనిచేయకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై మార్కర్లు (కణాల్లో కొలిచే గుర్తులు) కొలిచి ఒక్కోదాన్నీ పీ వాల్యూ (మందు పనిచేయకపోయినా ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 దగ్గర పరీక్షిస్తే, కనీసం ఒకటి సిగ్నిఫికెంట్‌గా, అంటే నిజమైన తేడాలా, కనబడే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్ని పట్టుకుని కథ అల్లేస్తే రెండేళ్ళు పోతాయి, పోగొట్టుకున్నవాళ్ళని నేను దగ్గరగా చూశాను.

ఇవన్నీ ప్రయోగం అయ్యాక సరిచేసేవి కావు. 1938లో కలకత్తాలో జరిగిన ఇండియన్ స్టాటిస్టికల్ కాంగ్రెస్‌లో స్టాటిస్టీషియన్ ఆర్.ఎ.ఫిషర్ ఇదే చెప్పాడు, ప్రయోగం ముగిశాక స్టాటిస్టీషియన్ దగ్గరికెళ్ళడమంటే చాలాసార్లు పోస్ట్‌మార్టమ్ చేయమనడమే, దేనివల్ల పోయిందో ఆయన చెప్పగలడేమో అంతే. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి స్టాటిస్టిక్స్ కన్సల్టింగ్ ఉంటుంది, చాలాచోట్ల డబ్బు కూడా అడగరు. ప్లేటు మీద ఒక్క కణం పోయకముందే వెళ్ళండి. ఒక కాగితం మీద ఫ్లాస్కులెన్ని, రోజులెన్ని, వెల్స్ ఎన్ని, ఏ తేడా వస్తే మీకు లెక్కకొస్తుందో రాసుకుని వెళ్ళండి.

ల్యాబ్ ఎంచుకోవడం గురించి కూడా అందరూ అడుగుతున్నారు. చాలా బయోమెడికల్ పీహెచ్‌డీ ప్రోగ్రాముల్లో మొదటి ఏడాది రొటేషన్లుంటాయి, రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి ఒకటి ఎంచుకుంటారు. మనవాళ్ళు పేరున్న ల్యాబ్ చూసి చేరిపోతారు. నేను చెప్పేది, రొటేషన్లో ఉండగా ఆ ల్యాబ్ మీటింగ్‌లో ఒక సీనియర్ ఫెయిలైన ప్రయోగం చూపించినప్పుడు గైడ్ మొహం చూడండి. "రా డేటా చూద్దాం" అన్నారా, "ఇంకోసారి చేసి వచ్చే వారానికి రిజల్ట్ తీసుకురా" అన్నారా? రెండో రకం చోట వీసా భయంతో, స్టైపెండ్ భయంతో మన పిల్లలు ఎంత నలిగిపోతారో, అవుట్‌లయర్ (మిగతావాటికి దూరంగా పడిన కొలత) పేరుతో ఒక్కో పాయింటూ ఎలా మాయమవుతుందో నాకు తెలుసు. అక్కడ ఎంత మంచి పేరున్నా చేరొద్దు. ఇంట్లో ఏడాదికోసారి, ఇంకా అవలేదా, పెళ్ళెప్పుడు అని అడుగుతూనే ఉంటారు, ఆ ఒత్తిడి ఉండనే ఉంది, ల్యాబ్‌లో రెండోది తగిలించుకోకండి.

ఇక్కడ క్యూసీలో (నాణ్యత పరీక్షించే విభాగంలో) పనిచేసినవాళ్ళకి ఆడిట్ ట్రయల్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేసినప్పుడే రాశారా, మార్చితే ఎందుకు మార్చారు, ఇవన్నీ మీకు అలవాటు. యూనివర్సిటీ ల్యాబుల్లో ఆ కట్టుబాటు అంతగా ఉండదు, టిష్యూ పేపర్ మీద సెల్ కౌంట్ రాసుకుని సాయంత్రం నోట్‌బుక్‌లో ఎక్కించేవాళ్ళు కనబడతారు. వాళ్ళని చూసి మీరు మారకండి. పీక్‌ని చేత్తో ఇంటిగ్రేట్ చేస్తే (దాని వైశాల్యం లెక్కిస్తే) కారణం ఎలా రాస్తారో, బ్లాట్ (ప్రొటీన్ల లాంటివి చూపించే పరీక్ష) బొమ్మలో బ్రైట్‌నెస్ మార్చినా అలాగే రాయండి. ఒరిజినల్ ఫైల్ ముట్టుకోకుండా దాచండి. కంపెనీ డేటా మాత్రం ఒక్క క్రొమటోగ్రామ్ కూడా ఫోన్లో పెట్టుకుని వెళ్ళొద్దు, అది మీది కాదు.

ఆ అమ్మాయికి బయల్దేరడానికి ఇంకా రెండు నెలలుంది. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, లాప్‌టాప్‌లో వేసుకోమన్నాను. తన ఎం.ఫార్మసీ థీసిస్‌లోని ప్రెసిషన్ టేబుల్ తీసుకుని, రోజుకీ రోజుకీ మధ్య తేడా ఎంత, ఒకే రోజు లోపల తేడా ఎంత అని విడదీసి గ్రాఫ్ గీసుకు రమ్మన్నాను. నిన్న రాత్రి ఫోన్ చేసింది. రోజుకీ రోజుకీ మధ్య తేడానే పెద్దదిగా వచ్చిందట, ఎక్కడైనా తప్పు చేశానా అక్కా అని అడిగింది. తప్పు కాదు, రెండో రోజు బఫర్ పీహెచ్ ఎంత రాశావో నోట్‌బుక్ తీసి చూడు అన్నాను. పుస్తకం చీరాలలో ఇంట్లో ఉందట, వాళ్ళ నాన్నతో ఆ పేజీ ఫొటో తీయించి పంపిస్తానంది.