సాంటా క్లారా కౌంటీలో అద్దె ఇల్లు: ముందు బిల్డింగ్ వయసు అడుగు

చి.ల.సౌ. శ్రావ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన పదకొండు ఇళ్ల లింకులూ చూశాను. అద్దె ఎంతో, అల్లుడి ఆఫీసుకు ఎన్ని మైళ్లో అన్నిటికీ రాశావు. బిల్డింగ్ ఎప్పుడు కట్టారో మాత్రం ఒక్కదానికీ రాయలేదు. మొదటి ఏడాది అద్దె ఎంతన్నది మార్కెట్ తేలుస్తుంది. రెండో ఏడాది నుంచి నీ అద్దె ఎంత పెరగొచ్చో తేల్చేవి మూడు: ఆ బిల్డింగ్ వయసు, దాని రకం, అది ఏ ఊరి హద్దులో ఉందన్నది. అల్లుడి ఉద్యోగం, పిల్లాడి బడి చూస్తే మీరు కనీసం మూడేళ్లు అక్కడే ఉండేలా ఉన్నారు కాబట్టి ఈ లెక్క ముందు చూసుకోవాలి.

సాంటా క్లారా కౌంటీ (మన జిల్లా లాంటిది) కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉంది. అక్కడ ఏబీ 1482 అనే చట్టం 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఏడాదికి అద్దె పెంచగలిగేది 5 శాతానికి ధరల సూచీ పెరుగుదల కలిపినంత. రెండూ కలిపినా 10 శాతం దాటకూడదు. సూచీని ఏప్రిల్ నుంచి ఏప్రిల్‌కు తీస్తారు, కొత్త అంకె ఆగస్టు 1 నుంచి వర్తిస్తుంది. అయితే గత 15 ఏళ్లలో కట్టిన బిల్డింగులకు ఈ హద్దు లేదు. ఆ 15 ఏళ్లు కూడా జరుగుతూ పోతాయి, అంటే 2012లో కట్టినది 2027లో చట్టం కిందికి వస్తుంది. విడి ఇళ్లు, కాండోలు (ఒక్కో ఫ్లాటుకు ఒక్కో ఓనర్ ఉండేవి) వ్యక్తుల పేరున ఉంటే వాటికీ మినహాయింపే. కాకపోతే ఆ మినహాయింపు ఉందని లీజులో రాతపూర్వకంగా చెప్పి తీరాలి. ఆ వాక్యం లీజులో లేకపోతే చట్టం వర్తిస్తుంది. ఓనర్ మన తెలుగాయనే కదా అని నోటిమాట మీద కాండో తీసుకునేవాళ్లు ఈ కాగితం దగ్గరే దెబ్బతింటారు. మనవాడైనా కాగితం కాగితమే.

ఊరి హద్దు సంగతి. ఈ కౌంటీలో 15 ఊళ్లున్నాయి, అద్దె నియమాలు అన్నిచోట్లా ఒకటి కావు. శాన్‌హోసేలో 1979 సెప్టెంబర్ 7కు ముందు కట్టిన, మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న అపార్ట్‌మెంట్లలో ఏడాదికి ఒక్కసారే, 5 శాతానికి మించకుండా పెంచాలి. మౌంటెన్ వ్యూలో 2016లో ఓటర్లు నెగ్గించిన నియమం ఉంది. 1995 ఫిబ్రవరి 1కి ముందు కట్టిన అపార్ట్‌మెంట్లకు ఎంత పెంచొచ్చో అక్కడి కమిటీ ఏటా ప్రకటిస్తుంది, అది 2 నుంచి 5 శాతం మధ్యనే ఉంటుంది. నీ జాబితాలో మౌంటెన్ వ్యూ పాత రెండంతస్తుల కాంప్లెక్స్ ఒకటుంది చూడు, గోడకు హీటరు, ఏసీ లేదు, లాండ్రీ కింద. ఈ రోజు చూస్తే అందవిహీనం. మూడో ఏడాది పక్క కొత్త బిల్డింగ్‌తో పోల్చి చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఈ హద్దులన్నీ అందులో ఉంటున్నవాళ్లకే సుమా. ఒకరు ఖాళీ చేశాక కొత్తవాళ్లకు ఓనర్ తనిష్టం వచ్చిన రేటు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు "ఆరు వారాలు ఉచితం" అన్న బోర్డులు. నార్త్ శాన్‌హోసేలో, మిల్పిటాస్ బార్ట్ రైలు స్టేషన్ దగ్గర, సాంటా క్లారాలో లారెన్స్ రైలు స్టేషన్ పక్కన కొత్త కాంప్లెక్సులు నింపుకోవాల్సి వచ్చినప్పుడు ఇవి కనపడతాయి. లెక్క ఇలా వేసుకో. నెలకు 3,600 డాలర్లు, పన్నెండు నెలల లీజు, ఆరు వారాలు ఉచితం. 43,200లోంచి సుమారు 5,400 తీసేస్తే 37,800, అంటే నెలకు 3,150. లీజింగ్ ఆఫీసు అమ్మాయి నీకు చెప్పేది ఈ 3,150. లీజులో రాసేది 3,600. రెన్యువల్‌కు వాళ్లు లెక్క కట్టేది 3,600 మీద. ఏమీ పెంచకపోయినా నీకు నెలకు 450 పెరిగినట్టే. 8 శాతం పెంచితే 3,888, అంటే నువ్వు అలవాటుపడిన ఖర్చు మీద 23 శాతం పైమాట. ఇందులో మోసమేమీ లేదు, ఏబీ 1482 కిందికి వచ్చే పాత బిల్డింగులకు కూడా పెంపు లెక్కలో రాయితీలను కలపనక్కర్లేదని ఆ చట్టంలోనే ఉంది. వాటిలో రాయితీని లీజులో విడిగా చూపించాలని కూడా ఉంది. కాబట్టి అడగాల్సిన మాట: "ఉచితం వద్దు, అసలు అద్దె తగ్గించి రాయండి." పెద్ద కంపెనీలు చాలావరకు ఒప్పుకోవు, చిన్న ఓనర్లు ఒప్పుకుంటారు.

నువ్వు పంపిన పేపరు కటింగులో "కౌంటీ సగటు అద్దె" రెండు చోట్ల రెండు రకాలుగా ఉందని కంగారుపడ్డావు. రెండూ నిజమే అయి ఉండొచ్చు. జిల్లో లాంటి వెబ్‌సైట్ల అంకె ఈ రోజు కొత్తగా అడుగుతున్న అద్దె. సెన్సస్ వాళ్ల అంకె ఏళ్ల తరబడి అదే ఇంట్లో ఉన్నవాళ్లు కడుతున్నది కూడా కలిపినది, పైగా అందులో కరెంటు, నీళ్లు లాంటివి కూడా ఉంటాయి. వెతికేవాళ్లకు మొదటిది, రెన్యువల్ బేరానికి మీరుంటున్న కాంప్లెక్స్ వెబ్‌సైట్లో ఆ రోజు ఉన్న రేటు పనికొస్తాయి. 2020లో అందరూ ఇంటి నుంచి పనిచేయడం మొదలుపెట్టగానే ఈ కౌంటీ అద్దెలు పడ్డాయి, ఆఫీసులు తెరిచాక మళ్లీ లేచాయి. అక్కడ అద్దె టెక్ ఉద్యోగాల వెంట నడుస్తుంది.

ఏడాదిలో చూస్తే మే నుంచి ఆగస్టు దాకా గిరాకీ. బడులు మారేవాళ్లు, కొత్త ఉద్యోగాలవాళ్లు అందరూ అప్పుడే దిగుతారు. నవంబర్ నుంచి జనవరి దాకా మందకొడి. మీరు జూన్‌లో దిగుతున్నారు కాబట్టి ఖరీదైన నెలలోనే పడ్డారు, దానికేం చేయలేం. కానీ పన్నెండు నెలల లీజు తీసుకుంటే ప్రతి రెన్యువలూ జూన్‌లోనే వస్తుంది. 18 నెలలకు రేటు అడుగు, డిసెంబర్‌లో ముగుస్తుంది. నెలకు 40, 50 డాలర్లు ఎక్కువ అడిగినా నష్టం లేదు. పెద్ద కాంప్లెక్సుల రేట్లను సాఫ్ట్‌వేర్ పెడుతుంది, లీజు ముగిసే నెలను బట్టి రేటు మారుతుంది. పొద్దున చూసిన రేటు సాయంత్రానికి ఉండకపోవచ్చు, నచ్చితే రాతపూర్వకంగా కోట్ తీసుకో.

డిపాజిట్ ఇప్పుడు తేలికైంది. 2024 జూలై 1 నుంచి ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు. రెండుకు మించి ఆస్తులు లేని, అన్నీ కలిపి నాలుగు ఇళ్లకు మించని చిన్న ఓనర్ రెండు నెలలు అడగొచ్చు. బెంగళూరు అడ్వాన్సుల్లాంటివి అక్కడ కుదరవు. అయితే దీనికో చిక్కుంది. మీకు అమెరికా క్రెడిట్ చరిత్ర (అప్పులు, కార్డు బిల్లులు ఎలా కట్టారన్న రికార్డు) లేదు. ఇదివరకు ఎక్కువ డిపాజిట్ తీసుకుని సరిపెట్టుకునేవాళ్లు, ఇప్పుడు గ్యారంటీ ఇచ్చే మనిషిని అడుగుతున్నారు. ఆఫర్ లెటరు, పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు), బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకే పీడీఎఫ్ చేసి పెట్టుకో. జీతం అద్దెకు రెండున్నర, మూడు రెట్లు ఉండాలంటారు, అల్లుడి ఆఫర్‌లో బేసిక్ జీతం స్పష్టంగా కనపడాలి. ఇల్లు లోపలికెళ్లి చూడకుండా, "ఓనర్ విదేశాల్లో ఉన్నారు, జెల్‌లో డబ్బు పంపండి" అన్నవాళ్లకు ఒక్క డాలరూ పంపకు. నిజం ఇంటి ఫొటోలు దొంగిలించి తక్కువ రేటుకు పెట్టడం అక్కడ రోజూ జరిగేదే.

అద్దె మీద పడే పైఖర్చులు అడుగు. కరెంటు చాలా ఊళ్లలో పీజీ అండ్ ఈ అనే కంపెనీది. సాంటా క్లారా ఊరికి సొంత కరెంటు సంస్థ ఉంది, బిల్లు బాగా తక్కువ. అందుకే రోడ్డుకు అటుపక్క సన్నీవేల్, ఇటుపక్క సాంటా క్లారా అయితే అద్దెలు సమానమైనా ఖర్చు సమానం కాదు. నీళ్లు, చెత్త, డ్రైనేజీ బిల్లును కొన్నిచోట్ల కాంప్లెక్స్ మొత్తానికి తీసి మనుషుల లెక్కన పంచుతారు. గత మూడు నెలల బిల్లు చూపించమను. రెండో పార్కింగ్‌కు ఎంతో అడుగు.

బడి కోసం అద్దె ఎక్కువైనా పర్లేదన్నావు. సరే, కానీ ఊరి పేరు చూసి నమ్మకు. కుపర్టినో యూనియన్ స్కూల్ డిస్ట్రిక్ట్ కుపర్టినో దాటి శాన్‌హోసే, సన్నీవేల్, సాంటా క్లారాల్లోని కొన్ని భాగాల దాకా ఉంది. చిరునామాలో శాన్‌హోసే అని ఉన్నంత మాత్రాన ఆ బడి రాదనుకోకు. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో ఇంటి నంబరుతో సహా కొట్టి చూడు. పిల్లాడికి సెప్టెంబర్ 1 లోపు అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక టిష్యూ పేపరు పట్టుకెళ్లు. పొయ్యి పైన మనం చిమ్నీ అనే హుడ్ ఉంటుంది కదా, అది ఆన్ చేసి జాలీకి టిష్యూ ఆనించు. అంటుకుంటే గాలి లాగుతోంది. అంతటితో ఆగకు, ముందు అంచు దగ్గర చెయ్యి పెట్టు. గాలి మొహానికి తిరిగి కొడితే ఆ హుడ్ పొగను బయటికి పంపడం లేదు, వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతోంది. అలాంటి ఇంట్లో రోజూ పోపు పెడితే ఆరు నెలల్లో అల్మరా తలుపుల మీద జిడ్డు పసుపు పచ్చగా పేరుకుంటుంది. ఖాళీ చేసేటప్పుడు దాన్ని డిపాజిట్లోంచి లాగుతారు. తర్వాత సింకు కింద తలుపు తీసి, అడుగు చెక్క ఉబ్బిందేమో వేలితో నొక్కి చూడు.

చేరిన రోజు ఖాళీ ఇల్లు వీడియో తీసి, అదే రోజు ఓనర్‌కు ఈమెయిల్ చెయ్యి. ఖాళీ చేసే ముందు రెండు వారాల్లో ఇల్లు చూసి ఏం బాగుచేయాలో చెప్పమని అడిగే హక్కు నీకుంది, తప్పకుండా వాడుకో. ఖాళీ చేశాక 21 రోజుల్లో డిపాజిట్ గానీ, దేనికెంత కోశారో పట్టీ గానీ రావాలి. కార్పెట్ ఆయుష్షు పదేళ్లనుకుంటే, ఎనిమిదేళ్లు వాడిన 2,500 డాలర్ల కార్పెట్ మీ వల్ల పాడైనా మీ మీద పడేది 500. కొత్తదాని ధర మొత్తం వేస్తే రాసి అడుగు. వినకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది, 12,500 డాలర్ల దాకా వెళ్లొచ్చు, లాయర్లు ఉండరు.

లీజులో రెండు చోట్ల గుర్తు పెట్టు. ఒకటి, మధ్యలో మానుకుంటే ఏం కట్టాలన్నది. అల్లుడిది హెచ్‌-1బీ ఉద్యోగ వీసా, ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి 60 రోజులే గడువు. చాలామంది ఓనర్లు రెండు నెలల అద్దె తీసుకుని వదిలేస్తారు, ఆ మాట ముందే రాయించుకో. అది లేకపోయినా, కొత్తవాళ్లను వెతికే ప్రయత్నం చేయాల్సిన బాధ్యత ఓనర్‌కు చట్టప్రకారం ఉంది. రెండోది అతిథుల నియమం. రెండు వారాలు దాటితే అతిథి కాదు, పేరు ఎక్కించాలని చాలా లీజుల్లో ఉంటుంది. మీ అత్తగారూ మామగారూ వస్తే ఆరు నెలలు ఉంటారు. టికెట్లు కొనేముందే ఈమెయిల్లో అనుమతి తీసుకోండి.

జాబితాలో ఉన్న పదకొండు ఇళ్లకూ కట్టిన సంవత్సరం, ఊరు, ఓనర్ వ్యక్తా కంపెనీనా అన్న మూడు గళ్లు కలిపి మళ్లీ పంపు. లీజు వచ్చాక సంతకం చేసేముందు నాకు పంపితే చదువుతాను.

మీ పెదనాన్న