సివిల్ అమ్మాయికి పారలల్ కంప్యూటింగ్ పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. స్ట్రక్చర్స్ ఇష్టం, పైథాన్ బాగా రాస్తుంది. భవనాల విశ్లేషణను ఎన్నో ప్రాసెసర్ల మీద నడిపే పని నేర్చుకుంటానంటోంది. ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: ఆ పేరుతో ప్రకటనలు దాదాపు కనబడవండీ. డిజైన్ ఆఫీసుల్లో భవన విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఈటాబ్స్ వచ్చా, కాంక్రీటు కోడ్ ఐఎస్ 456, భూకంప కోడ్ ఐఎస్ 1893 తెలుసా అనే అడుగుతారు. మామూలు అపార్ట్‌మెంట్ లెక్క ఒక్క డెస్క్‌టాప్‌లోనే తేలిపోతుంది. ఈ నైపుణ్యంతో పని పడేది భూకంప పరిశోధనలో, ఆనకట్టలు, అణు కేంద్రాల విశ్లేషణలో, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీల్లో. అక్కడికి వెళ్లాలంటే ఎంటెక్ చేయడం మంచిది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని కంప్యూటర్ ఎయిడెడ్ స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఆమెకు బాగా సరిపోతుంది. గేట్ కూడా రాయడం మంచిది.

ఈలోగా ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇది చేయమనండి. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టిన భూకంప విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సీస్ ఉచితం, ఓపెన్‌సీస్‌పై ద్వారా పైథాన్‌లోనే నడుస్తుంది. ఆరంతస్తుల ఫ్రేమ్ ఒకటి, 20 భూకంప రికార్డులు, ఒక్కోదానికి 10 తీవ్రతలు: 200 రన్‌లు (ఒక రన్ అంటే లెక్కను ఒకసారి నడపడం). రన్‌కు 15 నిమిషాలనుకుంటే ఒక కోర్ (చిప్‌లోని ఒక ప్రాసెసర్) మీద 50 గంటలు. ఏ రన్‌కూ మరోదానితో సంబంధం లేదు కాబట్టి 8 కోర్లకు పంచితే ఆరుంపావు గంటలు. కాగితం మీద మాత్రమే.

కోర్‌కు 25 చొప్పున ముందే పంచేస్తే, కూలడానికి దగ్గరైన రన్‌లు టైమ్ స్టెప్ (లెక్కలో ఒక్కో అడుగుకు తీసుకునే కాలం) తగ్గించుకుంటూ గంటలు తింటాయి. ఒక కోర్ వాటితో తంటాలు పడుతుంటే మిగతావి ఖాళీ. ఖాళీ అయిన కోర్‌కు తర్వాతి రన్ ఒక్కటే అందేలా క్యూ పెట్టాలి. ఒకే ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) లోపల పక్కపక్కనే నడిచే థ్రెడ్లు వద్దు, ఓపెన్‌సీస్‌పైలో ప్రాసెస్‌కు ఒకటే మోడల్ ఉంటుంది, రన్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. విడివిడి ప్రాసెస్‌లే వాడి, ప్రతి రన్ మొదట్లో పాత మోడల్‌ను చెరిపేసే వైప్ కమాండ్ పిలవాలి. అవుట్‌పుట్ ఫైల్ పేరులో రికార్డు, తీవ్రత రెండూ లేకపోతే ఒకదాని మీద ఒకటి రాసుకుని ఫలితాలు పోతాయి. పేరులోనే ఉంది కిటుకంతా.

అన్నిటికన్నా పెద్ద తప్పు: లెక్క కన్వర్జ్ కాలేదని, అంటే సమాధానానికి చేరలేదని, భవనం కూలిందని రాసేయడం. స్టెప్ తగ్గించి, అల్గారిథమ్ మార్చి చూడాలి. డ్రిఫ్ట్ (అంతస్తు పక్కకు జరగడం) నిజంగా అదుపు తప్పిందో లేదో గ్రాఫ్‌లో తేల్చుకోవాలి. ఇంటర్వ్యూలో గుచ్చి అడిగేది ఇదే.

ఒకే పెద్ద మోడల్‌ను ముక్కలు చేసి, ప్రాసెస్‌ల మధ్య సమాచారం పంపే ఎంపీఐతో నడపడం ఎంటెక్‌లో చూసుకోవచ్చు. అక్కడ లాభం త్వరగా తగ్గిపోతుంది: పనిలో 10 శాతం పంచడానికి వీల్లేనిదైతే, 16 కోర్లు పెట్టినా వేగం 6.4 రెట్లు దాటదు.